పాలబండిలో ఆకుకూర

ప్రేమలతకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పాల్మాకులలో ఆకుకూర పండించే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. లోపల ముదురు తోటకూర పెట్టి, పైన నాలుగు లేత కాడలు కప్పి కట్ట తెచ్చిన మనిషిని ఆమె తిట్టేది కాదు. కట్ట విప్పి, ముదురుది ఒక పక్క, లేతది ఒక పక్క పేర్చి, "నీ పిల్లలకు ఏది వండుతవో అది ఇయ్యి" అని మెల్లగా అనేది. ఆ మాట పడ్డవాళ్లు మళ్లీ అలాంటి కట్ట తేలేదు.

ఆమె ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికి అత్తగారింటికి రెండెకరాలుండేవి. ఎకరంన్నర ప్లాట్ల కిందికి పోయింది. ఆ డబ్బు ఎటు పోయిందో ఇంట్లో తలా ఒక లెక్క చెబుతారు, ఏ రెండు లెక్కలూ కలవవు. మిగిలిన అర ఎకరంలో ఆకుకూర వేస్తూనే నాలుగేళ్లు ఎయిర్‌పోర్టులో అద్దాలు తుడిచింది. తుడిచిన అద్దంలోంచి రన్‌వే అవతల తమ ఊరి వైపు చూసేదట. ఏమీ కనిపించేది కాదు గానీ చూసేది.

ఆ తర్వాత హైదరాబాదులో దుకాణాలున్న ఒక కూరగాయల కంపెనీ ఆకుకూర కొనడానికి హైవే పక్కన రేకుల షెడ్డు వేసి, కాంటా పెట్టి, నీలం రంగు క్రేట్లు దింపి, పదో తరగతి చదివిన మనిషి కావాలంది. ప్రేమలత వెళ్లింది. షెడ్డు మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్నా ఊళ్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అది ప్రేమలత సెంటర్.

ఆ పేరు ఊరికే రాలేదు. అంతకుముందు ఈ ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని శంషాబాద్ మార్కెట్టుకు పోతే, దళారి కట్టను కాలితో దొర్లించి ధర చెప్పేవాడు. కంపెనీ అనగానే వాళ్లు ఇంకా భయపడ్డారు. దళారినైతే కనీసం తిట్టొచ్చు, కంపెనీని ఎక్కడని వెతుక్కుని తిడతాం? అప్పుడు ప్రేమలత ఇల్లిల్లూ తిరిగి ఒకే మాట చెప్పింది. "కంపెనీ మీకు తెల్వదు, నేను తెలుసు. ఏమన్న అయితే నన్ను అడగండి." ఆ మాట మీద మొదట అయిదుగురు, ఏడాది తిరిగేసరికి నలభై మంది ఆకు తేవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు వచ్చింది చంద్రమ్మ. అరవై దాటిన మనిషి, మోకాలు వంగదు, చెరువు కింద పది గుంటల మడి ఉంది. ప్రేమలతకు దూరపు వరసకు అత్త.

ఏడేళ్లు అలా సాగింది. ప్రేమలతకు ఎన్ని జబ్బులొచ్చినా సెంటర్ తలుపు తీయడం మాత్రం ఆగలేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆకు కోయగానే నీళ్లు చల్లడం ఈ నేల మీద తరతరాల అలవాటు. పాలకూర గానీ, పుంటికూర గానీ, కొత్తిమీర గానీ కట్ట కట్టి, నీళ్లలో ఒకసారి ముంచి, తడి గోనెపట్టా కప్పితే మార్కెట్టు చేరేదాకా తళతళలాడుతుంది. తడి లేని ఆకును మార్కెట్టులో ఎవరూ తాకరు. ప్రేమలత సెంటర్లో దీన్ని ఇంకా గట్టి నియమం చేసింది. గుమ్మం దగ్గర నీళ్ల డ్రమ్ము పెట్టించింది. కట్ట ముంచకుండా కాంటా మీద పెడితే ఒప్పుకునేది కాదు. పైన రేకు కాలుతుంటే, కంపెనీ మామూలు బండి ఎండలో నడుస్తుంటే, అది సరైన పనే.

పోయిన ఏడు వానాకాలం వెళ్లాక ఉదయభాస్కర్ వచ్చాడు. కంపెనీలో ఈ వైపు సెంటర్లన్నీ చూసే మేనేజరు. గుంటూరు వైపు మనిషి, హైదరాబాదులో స్థిరపడి ఇరవై ఏళ్లయింది. తన కింద పనిచేసే మనిషినైనా 'అండీ' లేకుండా పిలవడు.

"ప్రేమలతగారూ, ఒక మంచి వార్తండి. మన బండి ఇక్కణ్ణుంచి సగం ఖాళీగా వెళ్తోంది. మహేశ్వరం నుంచి పాల కంపెనీ బండి కూడా సగం ఖాళీగానే వెళ్తోంది. రెండు కంపెనీలూ మాట్లాడుకున్నాయి. ఇకమీదట ఒకటే బండి. వాళ్ల చల్లబండిలోనే, అదే ఫ్రిజ్ లాంటి బండిలోనే, మన ఆకుకూర కూడా వెళ్తుంది. పెరుగు, పాలు, ఆకుకూర అన్నీ ఒకే దుకాణాలకు కదండీ."

"చల్లబండి అయితే మంచిదే కద సార్" అంది ప్రేమలత.

"మంచిదే. కాకపోతే ఒక షరతు ఉంది. నెల రోజులు చూస్తారట. ఆఖరి వారంలో కూడా మన ఆకులో వందకు మూడు క్రేట్లకు మించి పాడైతే ఆ బండి పాల్మాకులలో ఆగదు. ఆగకపోతే..." ఆయన షెడ్డు వైపు చూశాడు. "అప్పుడు ఈ సెంటర్ ఉండదండి."

ఒప్పందం కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆమె చేత రెండు చోట్ల సంతకం పెట్టించారు. పెద్ద ఆఫీసులో రెండు కంపెనీల వాళ్లు చేతులు కలిపిన ఫోటో ఆమె ఫోనుకు కూడా వచ్చింది. దాన్ని చంద్రమ్మకు చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందట బిడ్డా, పైలం" అంది.

మొదటి వారంలోనే ముసలావిడ మాట నిజమయ్యేలా కనిపించింది. వందకు ముప్పై క్రేట్లు వెనక్కి వచ్చాయి. ఉత్తగా వాడిపోయి రాలేదు. నల్లగా, ఉడకబెట్టినట్టు మెత్తబడి, ముట్టుకుంటే వేళ్లకు అంటుకునేలా వచ్చాయి. ఎవరి క్రేటు వాళ్లు గుర్తుపట్టారు. కంపెనీ పద్ధతి ప్రకారం పాడైన సరుకు ధర కట్టరు, అది అందరికీ తెలుసు. తెలిసినా క్రేటు ముందు కూర్చుని ఆ నల్లటి ముద్దను అలా చూస్తూ ఉండిపోయారు. అది చూడలేక ప్రేమలత కాంటా తుడవడం మొదలుపెట్టింది.

కూరగాయల కంపెనీ వాళ్లు పాల కంపెనీకి ఉత్తరం రాశారు. మీ బండిలో చలి ఎక్కువ, అందుకే మా ఆకు చచ్చిపోతోందని. పాల కంపెనీ వాళ్లు తిరుగు ఉత్తరం రాశారు. మీ ఆకు నీళ్లు కారుతూ వస్తోంది, మా పెరుగు డబ్బాల అట్టపెట్టెలు నానిపోతున్నాయని. మళ్లీ ఉత్తరం, మళ్లీ తిరుగు ఉత్తరం. రెండు పక్కలా చదువుకున్నవాళ్లే. రెండు పక్కలా ఏసీ గదులే. బండి వెనక తలుపు తీసి లోపల ఏం జరుగుతోందో చూద్దామన్న ఆలోచన మాత్రం అంతమందిలో ఒక్కరికీ రాలేదు. చూస్తే తప్పు ఎవరిదో తెలిసిపోతుందని భయం కాబోలు.

తొమ్మిదో రోజున ప్రేమలత సెంటర్ తాళం చంద్రమ్మ చేతికిచ్చి బండెక్కింది. డ్రైవర్ జగన్ మహేశ్వరం వాడు. పిల్లవాడేమీ కాదు, నలభై ఏళ్ల మనిషి. అయినా జంకాడు.

"అక్కా, వేరేటోళ్లను ఎక్కించుకోవద్దని రూలున్నది."

"ఆకు నాది. నేను వేరేటోళ్లు ఎట్లయిత?" అంది. గొంతు తగ్గింది. జగన్ బండి కదిలించాడు.

ఆగిన ప్రతిచోటా ఆమె దిగి వెనక తలుపు తీయించి చూసింది. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి, చల్లగాలి కొట్టే మిషను కింద ఉన్న క్రేట్ల మీద చేయి పెడితే గరగరమంది. కొత్తిమీర కట్టల మీద నీటిబొట్లు గడ్డకట్టి ఉన్నాయి. ఉప్పుగల్లు చల్లినట్టు తెల్లగా. మూడోసారి, అత్తాపూర్ గోదాములో దింపాక అరగంట అక్కడే నిలబడింది. ఆ మంచు కరిగింది. కరిగిన చోటల్లా ఆకు నల్లబడింది. తలుపు దగ్గర, అడుగున, ఎలాగో తడి తగలకుండా ఉండిపోయిన ఒక్క క్రేటు మెంతికూర మాత్రం మడిలో ఉన్నట్టే ఉంది.

చలి ఒక్కటే ఆకును చంపలేదు. నీళ్లు ఒక్కటే చంపలేదు. రెండూ కలిసి చంపాయి. ఆ నీళ్లు పోయించింది తను. ముంచకపోతే తీసుకోనని, డ్రమ్ము దగ్గర నిలబడి మరీ పోయించింది. తిరుగు ప్రయాణంలో కంపెనీల మీద తొమ్మిది రోజులుగా దాచుకున్న కోపమంతా తన మీదికే తిరిగింది.

మర్నాడు ఆమె నీళ్ల డ్రమ్మును బోర్లించింది. ఆడవాళ్లు దాన్ని చూసి, ఆమెను చూసి, నమ్మలేకపోయారు.

"నీళ్లు చల్లకుంటే ఆకు బతుకుతదా? మా అవ్వలకాలం కెల్లి చల్లుతున్నం" అంది చంద్రమ్మ.

"నన్ను నమ్మొద్దు అత్తా. కండ్లతోని చూడు."

ప్రేమలత చంద్రమ్మ మడిలోంచే రెండు క్రేట్ల పాలకూర తీసుకుంది. ఒకటి ఎప్పటిలా ముంచింది. రెండోదాన్ని పాత చీరల మీద పరిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టి, మొదళ్లు ఒక వైపుకు పేర్చి, పైన పొడిగుడ్డ కప్పింది. రెండూ అదే బండిలో వెళ్లాయి. జగన్‌ను బతిమాలి మరునాడు రెండూ వెనక్కి తెప్పించింది. నలభై మంది ముందు మూతలు తీసింది. తడిది బురద. పొడిది పట్టుకుంటే పటపట విరిగింది. చంద్రమ్మ వంగని మోకాలుతోనే కష్టపడి కిందికి కూర్చుని, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది.

"నువ్వు చెప్తె సరే బిడ్డా" అంది.

ఆ తర్వాత ప్రేమలత చేసిన పని ఏ కాగితంలోనూ లేదు. పొద్దున మంచు ఆరాకే కొయ్యమంది. ఇళ్లలోంచి పాత చీరలు అడిగి తెచ్చి షెడ్డంతా పరిచింది. షెడ్డులో ఉన్న రెండూ చాలక సొంత ఇంట్లోంచి మూడో ఫ్యాను పట్టుకొచ్చింది. పెరుగు డబ్బాలకు చలి ఎంత తగిలినా హాయే కాబట్టి వాటిని మిషను వైపుకు, ఆకును తలుపు వైపుకు పేర్చమని జగన్‌కు నేర్పింది. జగన్ దాన్ని మహేశ్వరంలో తన వాళ్లకు నేర్పాడు. రెండు కంపెనీల పెద్దలు చేతులు కలిపిన ఫోటో దిగారు గానీ, నిజంగా కలిసి పనిచేసింది ఒక ఆకుకూరల మనిషి, ఒక డ్రైవరు.

నెల ఆఖరి వారంలో పాడైనవి వందకు రెండు క్రేట్లు. ఉదయభాస్కర్ ఫోన్లో నవ్వుతూ, "మీరు సెంటర్ నిలబెట్టారండి" అన్నాడు. ఆ రాత్రి ప్రేమలత చాలా కాలం తర్వాత కడుపునిండా తింది.

ఎయిర్‌పోర్టు పక్కన పెద్ద హోటల్లో సభ పెట్టారు. రెండు కంపెనీల వాళ్లూ వచ్చారు. ఉదయభాస్కర్ తెర మీద బొమ్మలు చూపిస్తూ 'డ్రై లీఫ్ పద్ధతి' గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పాత చీరలు, ప్రేమలత ఇంటి ఫ్యాను ఆ తెర మీదికి రాలేదు. చివర్లో ఆమెను పిలిచి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమంటే, "మా ఊరి ఆకు మంచిగుంటది. జర చూసుకోండి" అని కిందికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు ఆమెకు బాగానే అనిపించాయి. ఎందుకు అనిపించకూడదు? నలభై రెండేళ్ల బతుకులో ఎవరూ కొట్టలేదు.

భోజనాల దగ్గర పాల కంపెనీ అధికారి రేవతి పళ్లెం పట్టుకుని ఆమె పక్కనే కూర్చుంది. అంత పెద్ద హోదా మనిషి పక్కన కూర్చోవడమే గొప్పనిపించింది.

"ఇప్పుడు ఆకు కోశాక ఎంతసేపు ఆగుతుందండీ, బండి ఎక్కకుండా?" అని అడిగింది రేవతి.

పనిమంతురాలికి తన పని గురించి అడిగితే ఒళ్లు తెలియదు. "ఇదివరకు రెండు గంటలు కూడ ఆగకపోతుండె మేడం. గందుకే ఊళ్లెనే సెంటర్ కావాల్సుండె. ఇప్పుడు ఆరు గంటలు నీడకు పెట్టినా ఏం కాదు. ఎక్కడికన్న తీస్కపోవచ్చు."

"ఆరు గంటలా?"

"ఆరుకు తక్కువ చెప్పిన అనుకోండి."

రేవతి నవ్వి, ఫోన్లో ఏదో రాసుకుంది. మంచి అమ్మాయని ప్రేమలత అనుకుంది.

మూడు వారాలకు ఉదయభాస్కర్ సెంటర్‌కు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టీ తెప్పిస్తే గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు.

"ప్రేమలతగారూ, రెండు కంపెనీలూ కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాయండి. మహేశ్వరంలో పాల కంపెనీకి ఎలాగూ పెద్ద సెంటర్ ఉంది. ఆకుకూర కూడా అక్కడే దించుకుంటారట. బండి ఇక్కడ ఆగక్కర్లేదు. వచ్చే ఒకటో తారీకు నుంచి."

ప్రేమలత లెక్క చెప్పింది. "మూడుకు మించితే మూస్తమన్నరు కద సార్. రెండే అయినయి."

"అదేనండి. మీ పద్ధతి అంత బాగా పనిచేసింది. ఆకు ఆరు గంటలు ఆగుతుందని మీరే చెప్పారట కదా. ఆరు గంటలు ఆగే ఆకుకు ఊళ్లో సెంటర్ ఎందుకని వాళ్లు అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది."

చెడ్డవాడైతే తిట్టుకుని సరిపెట్టుకోవచ్చు. ఈయన చెడ్డవాడు కాదు. కళ్లల్లో నిజంగానే బాధ ఉంది. ఆ బాధ ఎవరికి అన్నం పెడుతుంది?

"మరి నేను?" అంది. గొంతు ఎంత తగ్గిందంటే ఆయన ముందుకు వంగాల్సి వచ్చింది.

"అక్కడ వాళ్ల మనిషి ఉన్నాడండి, అరవింద్ అని. మీ పద్ధతి అంతా అతనికి రాసి ఇచ్చాం."

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సామెత తెలిసినవాళ్లకు కూడా ఒడ్డు చేరేదాకా అది తమ గురించేనని తెలియదు.

ఉదయభాస్కర్ వెళ్లబోతూ ఆగాడు. "ఇంకొక్క సాయం చేయాలండి. ఈ మాట ఆడవాళ్లకు మేం చెబితే గొడవవుతుంది. మీ మాటైతే వింటారు."

ప్రేమలత చెప్పనని అనవచ్చు. అనలేదు. ఆయన కోసం కాదు. ఒకటో తారీకున నలభై మంది కట్టలు మోసుకొచ్చి మూసిన షెడ్డు ముందు నిలబడతారే, ఆ బొమ్మ కళ్ల ముందు ఆడి ఒప్పుకుంది. మూడు రోజులు వాయిదా వేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, చీరల మీద ఆకు ఆరుతుండగా, అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. హోటల్లో రేవతి అడిగింది, తను చెప్పింది కూడా దాచలేదు. దాచితే తర్వాత ఇంకొకరి నోట వినాల్సి వస్తుంది.

మహేశ్వరం పదిహేను కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఆటో కిరాయి పెట్టుకోగలిగినవాళ్లు పోతారు. అరడజను మంది కలిస్తే ఒక ఆటో. మిగతావాళ్లు మళ్లీ శంషాబాద్ మార్కెట్టుకు, దళారి కాళ్ల దగ్గరికి. ఈ లెక్క ఎవరికి వాళ్లు మనసులోనే వేసుకుంటున్నారని వాళ్ల మొహాల్లో కనిపించింది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని ప్రేమలతకు అనిపించింది.

చంద్రమ్మ తన మోకాలు వైపు చూసుకుంది. మహేశ్వరం దాకా ఆ మోకాలుతో ఆవిడ పోగలిగేది కాదు. శంషాబాద్‌కైనా అంతే.

"నువ్వు చెప్తెనే నీళ్లు మానితిమి" అంది చివరికి.

"అవును అత్తా."

"మానకపోతే?"

"మానకపోయినా మూస్తుండిరి. ఆకు కుళ్లుతున్నదని."

"అప్పుడైతే వాళ్లు మూసినట్టుండె, నువ్వు కాదు" అంది చంద్రమ్మ. మాటలో కోపం లేదు. ధర అడిగినట్టు అడిగింది. "గింత పని చేసి పెట్టినవు కద, నీకేమిచ్చిన్రు బిడ్డా?"

"ఏమియ్యలే అత్తా. నా పనీ పోయింది."

చంద్రమ్మ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. అబద్ధమేమోనని కాసేపు వెతికింది. నిజమేనని తెలిశాక ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది.

"మా అందరి నోటికాడిది తీసి, ఊకెనే ఇచ్చినవా?"

ముసలావిడ గోడ పట్టుకుని లేచి, చీర మీద పరిచిన తన పాలకూరను గంపలోకి ఎత్తుకుంది. ఒక్కొక్కరే లేచి ఎవరి ఆకు వాళ్లు ఎత్తుకున్నారు. ఆ రోజు బండి వచ్చేసరికి కాంటా మీద పెట్టడానికి ఏమీ లేదు.